దారి తప్పడం, దారి లేకపోవడం: మన విమర్శలో ఒక తీర్పు మాట

మన సాహిత్య విమర్శలో ఎక్కువగా వాడి, తక్కువగా ఆలోచించిన మాటల్లో "దారి తప్పడం" ఒకటి. కథ అంతా బాగుండి ముగింపు మనకు రుచించకపోతే "రచయిత దారి తప్పాడు" అంటాం. కవి కొన్నాళ్లు చావు గురించో, ఒంటరితనం గురించో రాస్తే "పక్కదారి పట్టాడు" అంటాం. నవల ఉద్యమాన్ని నేరుగా చెప్పక ఒక ఇంటి కథగా చెబితే "చుట్టుదారి ఎందుకు?" అని అడుగుతాం. మన అంచనాకు బొత్తిగా లొంగని వాళ్ల కోసం "పెడధోరణి" అన్న మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇవన్నీ ఒకే తీర్పుకు పర్యాయపదాలైనట్టు వాడుతున్నాం. కాని ఇవి పర్యాయపదాలు కావు. వీటిని కలగలిపేయడం వల్ల మన విమర్శ రెండు పొరపాట్లు చేస్తూ వచ్చింది. నడవడానికి దారి దొరకని వాళ్లను దోషుల్ని చేసింది. తెలిసి తెలిసి దారి మార్చుకున్న వాళ్లకు మర్యాదైన ముసుగు తొడిగింది.

ఈ ఆరోపణ ముందు నా మీద నేను చేసుకోవలసిందే. కొంతకాలం కిందట ఒక యువ రచయితల సమావేశంలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి కథ చదివింది. కూలిరేట్లు పెంచాలని పల్లె నుంచి మండలాఫీసుకు ఊరేగింపు బయలుదేరుతుంది. ఒక ముసలామె జెండా పట్టుకుని ముందు నడుస్తుంటుంది. ఊరి పెద్దవీధి మలుపు రాగానే ఆమె జెండా పక్కవాళ్ల చేతికిచ్చి, మురుక్కాలవ గట్టు మీదుగా ఊరి వెనకనుంచి తిరిగి, అవతల చెరువు దగ్గర మళ్లీ ఊరేగింపులో కలుస్తుంది. కథ అక్కడితో అయిపోతుంది. నేను లేచి, వస్తువు మంచిదేగాని కీలకమైన చోట కథ దారి తప్పిందనీ, పాత్ర ఊరేగింపును వదిలిపోవడం పోరాట స్ఫూర్తిని నీరుగార్చిందనీ అన్నాను. ఆ అమ్మాయి వాదించలేదు. "మా నాయనమ్మ ఆ వీధిలోంచి ఎప్పుడూ నడవలేదు సార్" అని మాత్రం అని కూర్చుంది.

కథంతా ఆ మాటలోనే ఉంది. ఊరేగింపు మార్గం నిర్ణయించిన వాళ్లకు అది పెద్దవీధి. ఆమెకు అది జీవితకాలపు నిషేధం. ఆమె ఊరేగింపును వదిలిపోలేదు. తనకు తెలిసిన ఒకే ఒక్క దారిలో ఊరేగింపు వెంటే నడిచింది. నాకు కథ అర్థం కాలేదంటే, చుట్టుదారి అన్న తెలుగుమాట నాకు సగమే తెలుసునన్నమాట.

1

మాటల దగ్గరనుంచే మొదలుపెడదాం. "తప్పు" అన్న క్రియలో స్వతహాగా నేరం లేదు. గురి తప్పింది అంటాం, ప్రమాదం తప్పింది అంటాం, నాకు తప్పదు అంటాం. కొత్త ఊళ్లో తిరిగి తిరిగి వచ్చిన మనిషి "దారి తప్పిందయ్యా" అంటే, తప్పింది దారే, అతను కాదు. నడక నేర్చే పిల్లవాడు వేసేవి తప్పటడుగులు. ఆ మాటలో ఎంత ముద్దు ఉందో అందరికీ తెలుసు. ఆ తప్పే నామవాచకమయ్యేసరికి దోషమవుతుంది, నేరమవుతుంది, కులపంచాయతీ వేసే జరిమానా కూడా "తప్పు" అవుతుంది. "దారి తప్పిన కథ" అనేటప్పుడు మనం ఈ క్రియను వాడుతున్నామా, నామవాచకాన్ని వాడుతున్నామా? వాక్యంలో కనిపించేది క్రియే అయినా, గొంతులో వినిపించేది జరిమానా.

"పెడ" అన్నది మరో రకం మాట. పెడతల అంటే తల వెనక భాగం. పెడరెక్కలు విరిచికట్టడం అంటే చేతులు వెనక్కి విరిచి కట్టడం. పెడమొగం అంటే తిప్పుకున్న మొగం. ఇక్కడంతా వెనకవైపు, అటువైపు అన్న సూచనే. పెడదారి, పెడధోరణి, పెడార్థం దగ్గరకు వచ్చేసరికి వెనకవైపున్నదంతా చెడ్డదైపోయింది. మనం ఎటు మొగం పెట్టి నిలబడ్డామో అది ముందు, మన వీపు వెనకున్నది పెడ. ఎవరి వీపు అన్న ప్రశ్న ఎవరూ వేయరు.

దారుల పేర్లు ఇంకా స్పష్టంగా మాట్లాడతాయి. పొలాల మధ్య, ఇరువైపులా ముళ్లకంప పెరిగి, బళ్లు నడిచి నడిచి నేల దిగబడిన దారిని డొంక అంటాం. గోదావరి జిల్లాల్లో పుంత అంటారు. డొంక తిన్నగా పోదు. ఎందుకు పోదు? ఒకరి చెక్క అంచు, ఇంకొకరి చెక్క మూల, మరొకరి తోట కంచె తప్పించుకుంటూ పోవాలి కనక. డొంక వంకరలన్నీ భూమి హక్కుల వంకరలు. అయినా "డొంకతిరుగుడు" అన్న నింద పడింది మాత్రం దాంట్లో నడిచే మనిషి మాట మీద.

అడ్డదారి చూడండి. మధ్యాహ్నం వేళ గంజికుండ నెత్తిన పెట్టుకుని పొలానికి పోయే మనిషి గట్టుకు అడ్డం పడి పోతే కాసింత నడక కలిసివస్తుంది. ఒంట్లో ఓపికే ఆస్తి అయిన వాళ్లు ఆ ఆస్తిని పొదుపు చేసుకునే దారి అది. ఇవాళ పత్రికల్లో అడ్డదారి అంటే లంచం, మోసం, దొంగ సంపాదన. దొడ్డిదారి గతీ ఇదే. దొడ్డిదారిన వచ్చేవాళ్లెవరు? పేడకళ్లు ఎత్తే మనిషి, చాకలి, మంత్రసాని, కబురు తెచ్చే పాలేరు. పట్టణాల్లో మలం ఎత్తే వాళ్ల కోసం ఇళ్ల వెనక సందులే ప్రత్యేకంగా ఉండేవి. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా కట్టుదిట్టమైన మరో చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ సందుల ఆయుష్షు ఎంత గట్టిదో ఊహించవచ్చు. ఇప్పుడు "దొడ్డిదారిన పదవి సంపాదించాడు" అని రాస్తున్నాం. ఆ పెద్దమనిషి ఏనాడూ దొడ్డిదారి తొక్కి ఎరగడు. వీధివాకిట్లోంచే, దండలు వేయించుకునే లోపలికి పోయాడు. పనిచేసే వాళ్లను ఏ దారిన రమ్మన్నారో ఆ దారి పేరే అవినీతికి పెట్టడం భాషలో జరిగిన చిన్న సంఘటన కాదు.

ఇక దారి తానే వంకర పోయినప్పుడు ఏమంటున్నాం? రహదారి కోసం సర్వే రాళ్లు పాతుతారు. రాయి పెద్ద ఆసామి తోటలో పడితే, కొన్నాళ్లకు ఆ రాయి లేచి పక్కనున్న చిన్నరైతు చెక్కలో నాటుకుంటుంది. దాన్ని "అలైన్‌మెంట్ మార్పు" అంటారు. కాగితం మీద గీసిన మార్గం నుంచి ఇంతకంటే పెద్ద పక్కదారి ఏముంటుంది? అయినా దానికి "తప్పడం" అన్న మాట తగలదు. కూలీ గట్టు దాటితే అడ్డదారి, రోడ్డు ఊరు దాటి వంగితే సాంకేతిక అవసరం. భాషలో వర్గం ఎక్కడుందని విద్యార్థులు అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చూపించవచ్చు.

2

చుట్టుదారికి చరిత్ర ఉంది. కేరళలో, అప్పటి తిరువాంకూరు సంస్థానంలోని వైకం శివాలయం చుట్టూ ఉన్న వీధుల్లో అవర్ణులు నడవకూడదు. గుడిలోకి పోవడం మాట అటుంచి, గుడి పక్క బాటమీద నడవడానికే 1924 మార్చి 30న సత్యాగ్రహం మొదలుపెట్టవలసి వచ్చింది. 1925 నవంబరు దాకా సాగిన ఆ పోరాటం చివరికి మూడు వైపుల వీధులు తెరిపించింది. తూర్పు వీధి మూసే ఉంది. 1936లో ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చేదాకా అది అందరిదీ కాలేదు. అంటే రాజీ కూడా ఒక చుట్టుదారే. చుట్టూ తిరిగి పోవడం అక్కడ ఎవరూ ఎంచుకున్నది కాదు. నాలుగు గజాల వీధిని నిషేధించి, మైలు నడకను శిక్షగా వేశారు. తెలుగు పల్లెల్లో ఇలాంటి వీధులు ఎన్నో చెప్పనక్కర్లేదు, ప్రతి పాఠకుడికీ తన ఊరు తెలుసు.

ఈ వెలుగులో రెండు కావ్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. కాళిదాసు "మేఘదూతం"లో యక్షుడు మేఘానికి ఉత్తరాన ఉన్న అలకాపురికి దారి చెబుతాడు. ఉజ్జయిని ఆ దారిలో లేదు. వంకర దారే అయినా సరే, ఆ నగరపు మేడలూ అక్కడి స్త్రీల చూపులూ చూడకుండా పోవద్దంటాడు. ఇక్కడ చుట్టుదారి ఒక విలాసం. తీరిక ఉన్నవాడి కానుక. దానికి అలంకారికులు ముచ్చటపడ్డారేగాని మేఘం దారి తప్పిందని ఎవరూ అనలేదు.

ఆ సందేశకావ్య సంప్రదాయాన్నే తీసుకుని గుర్రం జాషువ 1941లో "గబ్బిలం" రాశాడు. దక్షిణాది నుంచి ఒక అంటరాని మనిషి తన గోడు కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలం కూడా తిన్నగా పోదు. తెలుగువాళ్ల చరిత్ర నిలిచిన ఎన్నో చోట్ల మీదుగా పోతుంది. పైకి చూస్తే అదే వంకర దారి, అదే సంప్రదాయం. తేడా ఎక్కడంటే, యక్షుడు శాపం తీరితే ఆ నగరాలన్నీ మళ్లీ తిరగగలడు. జాషువ కథానాయకుడు తాను వర్ణించే గుళ్లలోకి ఒక్కదాంట్లోకీ అడుగుపెట్టలేడు. గుడి చూరుకు వేలాడే గబ్బిలానికున్న స్వేచ్ఛ అతనికి లేదు. పూజారి దగ్గర లేని సమయం చూసి చెప్పమనడంలో ఉన్న జాగ్రత్త, ఆ ముసలామె పెద్దవీధి మలుపులో జెండా దించడంలో ఉన్న జాగ్రత్తా ఒకటే. ఈ ప్రయాణాన్ని దేశభక్తి వర్ణనగానో, ప్రాచీన వైభవ గానంగానో మాత్రమే చదివితే జాషువ ఆ వంకరలో దాచిన ఆగ్రహం మనకు అందదు. తనను వెలివేసిన వైభవాన్ని తానే వర్ణించడం, ఆ వర్ణన చివర తాను ఎక్కడ నిలబడ్డాడో చూపించడం తిన్నని దారిలో కుదిరే పని కాదు.

మాట తీరుకూ ఇదే వర్తిస్తుంది. కవి మాటను వంచి చెబితే వక్రోక్తి. కుంతకుడు దాన్ని కావ్యానికి ప్రాణమన్నాడు. దొర ముందు నిలబడ్డ పాలేరు తన కూలి బాకీ సంగతి వానల దగ్గర ఎత్తుకుని, దూడ జబ్బు మీదుగా తిప్పి, చివరికి ఎప్పుడో బయటపెడితే డొంకతిరుగుడు. నేరుగా అడిగే హక్కు లేనివాడికి వంచి చెప్పడం ఒక్కటే మిగిలిన శిల్పం. మన పల్లె కథల్లోని సంభాషణలు "సాగదీసినట్టున్నాయి" అని రాసే సమీక్షకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

3

స్త్రీల విషయంలో ఈ తీర్పు మరీ కర్కశం. "తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు" అన్న సామెతలో నడక ఒకటే, తీర్పులు రెండు. దారి తప్పిన మగవాడికి తిరుగుదారి ఉంటుంది. దారి తప్పిన ఆడదానికి ఆ విశేషణమే ఇంటిపేరవుతుంది. చలం 1927లో "మైదానం" రాస్తే, భర్త ఇల్లు విడిచిపోయిన రాజేశ్వరిని దారి తప్పినదిగా చూడని వాళ్లు తక్కువ. అయితే చలం ఆమెను మరో ఇంటికి కాక మైదానానికి పంపించాడు. మైదానంలో దారులుండవు కనక తప్పడమూ ఉండదు. అది స్వర్గం కాదని ఆ నవల చివరి భాగమే చెబుతుంది. చలం పరిష్కారాన్ని ఒప్పుకోనక్కర్లేదు. కాని ఆయన వేసిన ప్రశ్న దారి గురించి. ఆమెకు గీసి ఇచ్చిన దారి ఎవరిది? మనం జవాబు చెప్పింది మాత్రం ఆమె నడత గురించి.

ఉన్నవ "మాలపల్లి" (1922)లో సంగదాసు హత్య అయిన తర్వాత వెంకటదాసు ధనికులను దోచి పేదలకు పంచే దారి పడతాడు. అది అడ్డదారేనని గాంధేయవాదులూ అన్నారు, తర్వాత మనవాళ్లూ అన్నారు. అనవచ్చు. ఆ దారి ఎక్కడికి చేరలేదో నవలే చూపిస్తుంది. కాని కూలీలను కూడగట్టినవాడిని చంపేసిన ఊళ్లో వెంకటదాసు ముందు తెరిచి ఉన్న రాజమార్గం ఏదో చెప్పకుండా అతన్ని దారి తప్పినవాడని తేల్చడం విమర్శ కాదు. అప్పటి మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. ఆ నిషేధం కూడా ఒక దారి మూత అని మరవకూడదు.

4

ఇక్కడ మిత్రులొక అభ్యంతరం చెబుతారు. ఎవరి దారి వాళ్లదే అనుకుంటే దృక్పథం ఏమవుతుంది, నిబద్ధత ఏమవుతుంది అని. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు మన సంప్రదాయంలోనే ఉంది.

1921 మార్చిలో రష్యన్ కమ్యూనిస్టు పార్టీ పదో మహాసభలో "ఉక్లోన్" అన్న రష్యన్ మాట మీద చర్చ వచ్చింది. ఒక పక్కకు ఒరగడం, వాలడం అని దాని అర్థం. లెనిన్ ఆ మాటను సమర్థిస్తూ, అది ఇంకా గట్టిపడిన ధోరణి కాదనీ, మనుషులు కాస్త దారి తప్పడం మొదలుపెట్టారనీ, సరిదిద్దుకోవచ్చనీ దాని భావమన్నాడు. అంటే మన తప్పటడుగుకు దగ్గరి మాట. అంతకుముందు 1920లో అతివాదాన్ని విమర్శిస్తూ రాసిన పుస్తకంలో ఆయనే, ఎవరూ ఎక్కని కొండ ఎక్కేటప్పుడు వంకరటింకరగా పోననీ, వెనక్కి అడుగువేయననీ ముందే ఒట్టు పెట్టుకోవడం ఎంత తెలివితక్కువో వివరించాడు. చుట్టుదారికి సిద్ధాంత స్థాయిలో ఇంతకంటే సమర్థన ఏం కావాలి?

అయితే చరిత్రను సగమే చెప్పకూడదు. అదే పదో మహాసభ పార్టీలో ముఠాలను నిషేధించింది కూడా. 1929 నాటికి అదే ఉక్లోన్ అన్న మాట "మితవాద పెడధోరణి"గా బుఖారిన్ మీద అభియోగమైంది. ఆ నవంబరులో ఆయన్ను పొలిట్‌బ్యూరో నుంచి తొలగించారు. 1938 మార్చిలో కాల్చి చంపారు. 1988లో సోవియట్ ప్రభుత్వమే ఆయన నిర్దోషి అని ప్రకటించింది. సరిదిద్దుకోవడానికి పుట్టిన మాట మరణశిక్షకు దారితీసే మాటగా మారడానికి ఇరవై ఏళ్లు కూడా పట్టలేదు. ఉక్లోన్‌ను మనం తెలుగులోకి "పెడధోరణి" అని తెచ్చుకున్నప్పుడు 1921 నాటి అర్థాన్ని తెచ్చుకోలేదు, 1929 నాటి అర్థాన్ని తెచ్చుకున్నాం. మన సమీక్షల్లో ఇప్పటికీ ఆ గొంతే వినిపిస్తుంది.

ఇక నిబద్ధత సంగతి. నిజంగా ఖండించవలసిన వాళ్లున్నారు. వాళ్లకు "దారి తప్పాడు" అన్నది మరీ మెత్తని మాట. దారి తెలియనివాడు తప్పుతాడు. తెలిసినవాడు మళ్లుతాడు, తొలగుతాడు, ఫిరాయిస్తాడు. ఒక గుర్తు మీద గెలిచి ఇంకో పక్షంలో కూర్చునేవాడి మీద 1985లో 52వ రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు దాన్ని తెలుగువాళ్లు "దారి తప్పుడు నిరోధం" అనలేదు. ఫిరాయింపుల నిరోధం అన్నారు. రాజకీయాల్లో జనం పాటించిన ఈ ఖచ్చితత్వం సాహిత్యంలో మనకు లేకపోయింది. నిన్నటిదాకా కూలీల తరఫున రాసి, ఇవాళ వాళ్ల భూమి గుంజుకునే వాళ్ల వేదిక మీద శాలువా కప్పించుకునే కవిని "దారి తప్పిన కవి" అని వ్యాసాల్లో నిట్టూరుస్తాం. ఆయన దారి తప్పలేదు. ఎక్కడికి పోవాలో బాగా తెలిసే పోయాడు. అది లొంగుబాటు. ఆ మాటే వాడాలి. అదే పేజీలో, అదే మాటతో, వీధి మలుపులో తటపటాయించిన పాత్రను సృష్టించిన కొత్త రచయితనూ దెబ్బ కొడతాం. దృక్పథం ఉన్న విమర్శ ఈ ఇద్దరినీ వేరు చేయగలగాలి.

5

కనక విమర్శకులం, విమర్శ నేర్చుకుంటున్న విద్యార్థులం కొన్ని అలవాట్లు మార్చుకోవాలి. "దారి తప్పింది" అని రాయబోయే ముందు, ఆ దారి వేసిందెవరు, దాని మీద నడిచే హక్కు ఈ పాత్రకు ఉందా అని చూడాలి. తప్పడం, మళ్లడం, ఫిరాయించడం అన్నవి వేర్వేరు చర్యలని గుర్తించి, దేనికి ఏ మాట తగునో ఆ మాటే వాడాలి. రచన చుట్టూ తిరిగి చెప్పిందనిపిస్తే, తిన్నగా చెప్పడానికి అడ్డమేమిటో రచనలోనే వెతకాలి. అడ్డం ఏమీ లేకుండా ఊరికే తిరిగితే అది శిల్పదోషమే. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. అడ్డం ఉంటే, ఆ అడ్డమే వస్తువు.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు మొదటిసారి సమావేశమైనా, 1970లో విప్లవ రచయితలు వేరుగా సంఘం పెట్టుకున్నా, అప్పటికి అందరూ నడుస్తున్న దారి చాలదనుకునే కదా. అప్పుడు వాళ్లనూ దారి తప్పారన్నారు. ఆ మాట పడ్డవాళ్ల వారసులం మనం. దాన్ని ఇంకొకరి మీద విసిరేటప్పుడు కాస్త చెయ్యి ఆగాలి.

ఆ అమ్మాయి కథ తర్వాత ఒక చిన్న పత్రికలో అచ్చయింది. నేను చెప్పినట్టు ముగింపు మార్చి, ముసలామె చేత పెద్దవీధిలో జెండా పట్టించి ఉంటుందేమోనని భయపడుతూ చదివాను. మార్చలేదు. ముసలామె మురుక్కాలవ గట్టు మీదుగానే తిరిగి వచ్చింది. ఈసారి నాకు ఆ గట్టు పొడుగు తెలిసింది.